పి ఆర్బిటాల్‌లో నోడ్‌ను ఎలక్ట్రాన్ ఎలా దాటుతుంది?

ఆర్బిటాల్ అంటే పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండగల ఒక స్థితి; అది ఎక్కడ దొరకవచ్చో చూపే మేఘంలా దాన్ని గీస్తారు. 2పి ఆర్బిటాల్‌కు రెండు లోబ్‌లు (ఉబ్బెత్తు భాగాలు) ఉంటాయి, వాటి మధ్య తలంలో, అంటే నోడ్‌లో, ఎలక్ట్రాన్ దొరికే సంభావ్యత సున్నా. మరి అది ఇటు నుంచి అటు ఎలా వెళ్తుంది, సూపర్‌పొజిషన్ అంటే రెండు చోట్లా ఉండటమేనా అని అడిగారు. డిగ్రీలో నన్నూ చాలా రోజులు పట్టి పీడించిన ప్రశ్న ఇది.

అప్పట్లో నా మనసులో ఆర్బిటాల్ అంటే ఒక గది, ఎలక్ట్రాన్ అందులో తిరిగే ఈగ. ఎలక్ట్రాన్ గ్రహంలా కేంద్రకం చుట్టూ తిరుగుతుందన్న 1913 నాటి బోర్ కక్ష్యనే పేరు మార్చి మోస్తున్నానని తెలియలేదు. ఆ బొమ్మ తలలో ఉన్నంతకాలం మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

బిగించిన తీగను గమనించాక నాకు ముడి వీడింది. తీగ రెండు భాగాలుగా కంపిస్తుంటే నడిమి బిందువు కదలదు. కంపనం ఆ బిందువును ఎలా దాటిందని ఎవరూ అడగరు, ఎందుకంటే అది తీగ మొత్తానిది. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన సమీకరణం నుంచి వచ్చే ఆర్బిటాల్ కూడా అంతే: రెండు లోబ్‌లూ కలిసి ఒకే స్థితి. వాటి మీద రాసే ప్లస్, మైనస్‌లు తరంగ ప్రమేయం (ఆ స్థితిని వర్ణించే గణిత ప్రమేయం) గుర్తులు, వాటిని ఆవేశాలనుకోకండి. కొలిచినప్పుడు మాత్రం ఎలక్ట్రాన్ ఎప్పుడూ పూర్తిగా ఒక్కచోటే దొరుకుతుంది.

ఇక సూపర్‌పొజిషన్ అంటే స్థితులను కూడటం. ఎక్స్ అక్షం వెంట గీసే 2పి కూడా నిజానికి అయస్కాంత క్వాంటం సంఖ్య (ఒకే రకం ఆర్బిటాళ్లను వేరుచేసి చూపే సంఖ్య) +1, −1 ఉన్న రెండు స్థితుల కలయికే. ఈ సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ బాధే.

అసలు అందం వేర్వేరు శక్తులున్న స్థితులను కలిపినప్పుడు కనిపిస్తుంది. హైడ్రోజన్‌లో అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న గోళాకార ఆర్బిటాల్ 1ఎస్ శక్తి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, 2పి శక్తి −3.4. విడిగా చూస్తే రెండింటి సంభావ్యతా మేఘాలూ కాలంతో మారవు. రెండూ కలిపితే మేఘం కేంద్రకానికి ఇటూ అటూ ఊగుతుంది, సెకనుకు దాదాపు 25 కోట్ల కోట్ల సార్లు. 2పి నుంచి 1ఎస్‌కు దిగేటప్పుడు హైడ్రోజన్ వెలువరించే 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పౌనఃపున్యం కూడా సరిగ్గా అదే! కాగితం మీద ఈ లెక్క సరిపోయిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీరూ ఒకసారి ఆ రెండు ప్రమేయాలనూ కూడి, వర్గం చేసి (సంభావ్యతను ఇచ్చేది ఆ వర్గమే), సగం ఆవర్తన కాలం తేడాతో రెండు గ్రాఫులు గీయండి. 2పి సున్నా అయ్యే తలంలో 1ఎస్ సున్నా కాదు. మేఘం ఆ తలం మీదుగానే అటు నుంచి ఇటు వస్తుంది.