అమ్మాయి న్యూక్లియర్ ఫిజిక్స్ అంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. అమ్మాయి బీఎస్సీ ఆఖరి సంవత్సరం. వేసవిలో ఒక యూనివర్సిటీ న్యూక్లియర్ ఫిజిక్స్ గ్రూపులో ప్రాజెక్టు చేసింది. ఇక ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అందులోనే అంటోంది. వాళ్ల నాన్న ఎంసీఏ చేయమంటున్నారు. నాకేమో రేడియేషన్ అంటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. ఈ గ్రూపులు చేసేది బాంబుల పని కాదు. యాక్సిలరేటర్ అనే యంత్రంలో వేగం పెంచిన అయాన్లను, అంటే విద్యుదావేశమున్న పరమాణువులను, పల్చటి లోహపు రేకు మీద పడేలా చేస్తారు. పరమాణు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు వచ్చే గామా కిరణాలను కొలిచి, కేంద్రకం నిర్మాణం తెలుసుకుంటారు. బీమ్, అంటే ఆ అయాన్ల ధార, నడుస్తున్నప్పుడు ఆ హాల్లో ఎవరినీ ఉండనివ్వరు. విద్యార్థులు పక్క గదిలో కంప్యూటర్ల దగ్గర ఉంటారు. ఒంటి మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు, ఎంత మోతాదు తగిలిందో అందులో నమోదవుతుంది. రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకు మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలమానం). నియమాలు పాటించే ల్యాబులో విద్యార్థికి తగిలేది మామూలుగా అందులో చాలా కొద్ది భాగమే.

నన్నడిగితే, ఇక్కడ చూసుకోవాల్సింది ఓపిక. పెద్ద యాక్సిలరేటర్లు ఢిల్లీ ఐయూఏసీ, ముంబై టీఐఎఫ్‌ఆర్, కోల్‌కతా వీఈసీసీ అనే పరిశోధన సంస్థల్లో ఉన్నాయి. బెంగళూరు గ్రూపైనా ప్రపోజల్ పెట్టి, కమిటీని ఒప్పించి, అక్కడికే వెళ్లాలి. దొరికేది కొద్ది రోజుల బీమ్‌టైమ్, అంటే యంత్రం వాడుకునే సమయం. అన్ని రోజులూ రాత్రింబవళ్లు షిఫ్టులు. గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్లకు వేళ తప్పకుండా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ నింపుతూ ఉండాలి. ఆ డేటాను విడదీయడానికి తర్వాత నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లే.

అందుకే అమ్మాయిని కూర్చోబెట్టి, వేసవిలో రోజూ ఏం చేసిందో అడగండి. బహుశా కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక సోర్సు పెట్టి, దాని గామా కిరణాల శక్తి ముందే తెలిసిన 1173, 1332 కేఈవీ పీకులతో (గ్రాఫులో కనిపించే శిఖరాలతో) డిటెక్టర్‌ను కాలిబ్రేట్ చేసి, అంటే కొలత సరిచూసి ఉంటుంది. ఆ పీకు ఎందుకు జరిగిందో, కేబుల్‌లో నాయిస్ ఎక్కడిదో వెతికిన సంగతి ఉత్సాహంగా చెబితే, ఈ పని తనకు సరిపడుతుంది. విశ్వరహస్యాల గురించి మాత్రమే చెబితే ఇంకొంచెం ఆగడం మంచిది.

వాళ్ల నాన్నగారి ఆందోళనలో నిజముంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ వేరు. ప్రొఫెసర్ ఉద్యోగాలు మాత్రం తక్కువ. కానీ ఈ పనిలో సీ ప్లస్ ప్లస్, డేటా విశ్లేషణ, ఎలక్ట్రానిక్స్ చేతికొస్తాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు. ఎమ్మెస్సీతోనే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూలుకు ప్రయత్నించవచ్చు. రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేయవచ్చు. ఈ దారి చాలా ఇళ్లలో తెలియదు, తెలియాలి.

నా సలహా: ఎమ్మెస్సీకి ఒప్పుకోండి, పీహెచ్‌డీ మాట రెండేళ్ల తర్వాత చూడండి. ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ ప్రవేశానికి రాసే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. బెంగళూరు యూనివర్సిటీతో పాటు, సన్యాసి, శాస్త్రవేత్త అయిన స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా లిస్టులో పెట్టుకోండి. ఇక పీహెచ్‌డీకి గ్రూపు ఎంచుకునే రోజు వస్తే, సంస్థ పేరు ఒక్కటే చూడొద్దు. అక్కడి సీనియర్లు ఎన్నేళ్లలో ముగించారో, ఇప్పుడెక్కడున్నారో అమ్మాయినే వాళ్లను అడిగి తెలుసుకోమనండి.