భీమిలి దారిలో కొండమీది విల్లా: పెద్దవాళ్లతో వెళ్లేముందు అడగవలసినవి

అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకు 12 మంది కలిసి, విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే తీరంలో సముద్రం కనిపించే కొండమీది విల్లాను రెండు రాత్రులకు తీసుకోవచ్చా, అంత ఖర్చు తగునా అని మీరు అడిగారు. కిందటి మాఘమాసంలో మా అమ్మను, అత్తమామలను, పిల్లలను వెంటబెట్టుకొని నేను అలాంటి విల్లాలోనే ఉండి వచ్చాను. తప్పకుండా తీసుకోండి. అయితే మెట్లెన్నో, నీళ్లెక్కడివో కనుక్కున్న తరువాతే అడ్వాన్సు కట్టండి.

కొండవాలున కట్టిన ఇల్లు ఒకే మట్టాన ఉండదు. కారు ఆగే చోటు అన్నిటికన్నా పైన, దాని కింద హాలు, ఆ కింద పడకగదులు, అట్టడుగున ఈతకొలను, ఇలా అంచెలంచెలుగా దిగుతూ ఉంటుంది. ప్రతి గదికీ సముద్రం అడ్డులేకుండా కనిపించేది అందువల్లనే. మేము దిగిన చోట కారు దగ్గర నుంచి అమ్మ గదికి 34 మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులతో ఆమె ఒక్కసారి దిగి, రాత్రి భోజనానికి మళ్లీ పైకి రాలేక, కంచం గదికే తెప్పించుకుంది. అందరం ఒకచోట కూర్చుని తినాలనే కదా అంత దూరం వెళ్లాము, ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మరునాడు హాలు పక్కనున్న మా గది ఆమెకు ఇచ్చి, మేము కిందికి మారాము. అందుచేత ఫోనులో "పెద్దవాళ్లకు ఇబ్బందేమీ ఉండదు కదా" అని అడగవద్దు, ఉండదనే చెబుతారు. కారు ఆగే చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, హాలు ఉన్న అంతస్తులోనే పడకగది, స్నానాలగది ఉన్నాయా అని విడివిడిగా అడిగి, ఆ దారంతా వీడియో తీసి పంపమనండి.

ఇక నీళ్ల సంగతి. రెండో రోజు ఉదయం సగం మంది స్నానాలు కాకముందే మా విల్లాలో ట్యాంకు ఖాళీ అయింది. ట్యాంకరు ఆ ఎత్తు ఎక్కి వచ్చేసరికి పదకొండు దాటింది. తిరుగు ప్రయాణంలో తొట్లకొండ ఎక్కినప్పుడు ఈ మాటే గుర్తుకు వచ్చింది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట అక్కడ నివసించిన బౌద్ధ భిక్షువులు నీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిపించిన తొట్లు ఈనాటికీ ఉన్నాయి, కొండకు ఆ పేరు వాటివల్లనే వచ్చింది. దగ్గరలోని బావికొండ పేరులోనూ నీళ్ల మాటే ఉంది. కొండమీద కాపురమంటే ముందుగా నీటి ఏర్పాటు అని వాళ్లకు తెలుసు. పట్టణాల నీటి సరఫరాలో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క పాటిస్తారు. ఆ లెక్కన మీ 12 మందికి రోజుకు 1,620 లీటర్లు కావాలి. ట్యాంకు ఎంత పడుతుందో, ట్యాంకరు ఏ వేళకు వస్తుందో ముందే అడగండి.

ఉప్పుగాలికి తాళాలు, జారే అద్దాల తలుపులు, ఏసీలు త్వరగా పాడవుతాయి. దిగగానే అన్నీ ఒకసారి తెరిచి, వేసి చూసుకుంటే సరిపోతుంది.

తేదీ విషయంలో మాత్రం కొంచెం ఓపిక పట్టండి. ఈ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది కనుక సముద్రంలో సూర్యాస్తమయం కనిపించదు. పొద్దు వెనుకనున్న కొండల మాటుకు దిగి, వరండాలో పెందలాడే నీడ పరుచుకుంటుంది. సూర్యోదయం మాత్రం మంచం మీదినుంచే చూడవచ్చు. జనవరిలో ఆరున్నర ప్రాంతాన, జూన్ లో అయిదుంబావు దాటిన కాసేపటికే పొద్దు పొడుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడిన సంగతి ఆ ఊరివాళ్లెవరూ మరిచిపోలేదు. ముందే డబ్బు కట్టే ఇలాంటి ప్రయాణానికి ఆ రెండు నెలలను నేనైతే ఎంచుకోను.

పెళ్లిరోజు తేదీకే పట్టుబట్టకుండా, వీలైతే దానికి దగ్గరలోని పున్నమిని చూసుకోండి. పున్నమినాడు ఇటు పొద్దు కుంకే వేళకే అటు సముద్రంలోంచి చంద్రుడు పైకి వస్తాడు. మరునాడు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా, పూర్తి చీకట్లో, ఎర్రగా వస్తాడు. మా రెండో సాయంత్రమే మాఘ పూర్ణిమ. ఒక్క మెట్టు కూడా దిగనక్కరలేని ఆ వరండాలో అమ్మ కుర్చీ వేయించుకొని, మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని, అన్నం అక్కడికే తెప్పించి అందరికీ తానే ముద్దలు కలిపి పెట్టింది.