దురదంతా వేడి కాదు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో మాట్లాడినంతసేపూ నువ్వు గోక్కుంటూనే ఉన్నావు, గాజుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. మీ అత్తమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్లు, మజ్జిగ ఇస్తున్నారన్నావు. తాగు, వాటితో నష్టం లేదు. ఈ ఎండల్లో హైదరాబాద్‌లో ఎవరికైనా మంచివే. కానీ ఎనిమిదో నెలలో వచ్చిన దురదనంతా వేడి ఖాతాలో వేసేస్తే నేను ఒప్పుకోను. నా ఉద్యోగమంతా కాన్పుల వార్డులో నర్సుగానే గడిచింది కదా, అందుకే అడుగుతున్నా. దురద ఎక్కడ పుడుతోంది? ఏ వేళలో ఎక్కువవుతోంది? ఈ రెండూ ఒకసారి సరిగ్గా గమనించు.

పొట్ట, తొడలు, ఛాతీ మీద మాత్రమే అయితే చాలావరకు చర్మం సాగి, పొడిబారడం వల్లే. మీ అపార్ట్‌మెంట్‌లో వాడేది బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. సబ్బు నురగ కూడా రాని ఆ ఉప్పు నీళ్లతో మామూలు చర్మమే తెల్లగా పేలిపోతుంది. పొగలు కక్కే నీళ్లు మాని గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం ముగించు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాసుకో. సున్నిపిండి నలుగు కాన్పు అయ్యేదాకా పక్కన పెట్టు, గరుకు పిండితో రుద్దితే దురద ఇంకా రేగుతుంది. భరించలేనప్పుడు చల్లటి తడిగుడ్డ వేసుకో, కాలమైన్ లోషన్ కూడా పనికొస్తుంది. గోళ్లు కత్తిరించుకుని, వదులుగా ఉండే కాటన్ నైటీలే వేసుకో. సీమంతానికి జరీ పట్టుచీర తప్పదని మీ అమ్మ పట్టుబడుతుంది, నాకు తెలుసు. ఫొటోలు కాగానే మార్చేసుకో, ఎవరేమన్నా నా పేరు చెప్పు.

పొట్ట మీద చారల్లో ఎర్రటి దద్దుర్లు లేచి, బొడ్డు చుట్టూ మాత్రం శుభ్రంగా ఉంటే అదొక రకం. తొలి కాన్పు వాళ్లలోనే ఎక్కువగా చూస్తాం. తెగ విసిగిస్తుంది గానీ బిడ్డకు హాని చేయదు, కాన్పు అయ్యాక పోతుంది. బొడ్డు దగ్గరే మొదలై నీటి పొక్కులు లేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చర్మం డాక్టరుకు చూపించాలి. గజ్జల్లో గుండ్రంగా పాకేది తామర. దానికి మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి తర్వాత మొండికేస్తుంది. మీ ఆయన్ని అలాంటివి కొనుక్కు రావద్దను.

ఇక నాకు టెన్షన్ పెట్టేది ఇది. దద్దుర్లేమీ లేకుండా అరిచేతులు, అరికాళ్లు దురద పెడుతూ, రాత్రయ్యేసరికి నిద్ర పట్టనంత ఎక్కువైతే కాలేయం సంగతి చూడాలి. గర్భిణుల్లో కొందరికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, పైత్యరసం కాలేయం నుంచి సరిగా పారదు. అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. గోకిన గీతలు తప్ప ఒంటి మీద ఏమీ కనబడదు, అందుకే ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మూత్రం ముదురు రంగులో రావడం, మలం పాలిపోవడం, కళ్లు పచ్చబడటం కొందరిలోనే ఉంటాయి. అవి వచ్చేదాకా ఆగకూడదు. ఇలాంటి దురద ఉంటే వచ్చే చెకప్ దాకా చూడకుండా రేపే వెళ్లి డాక్టరమ్మతో చెప్పు.

ఎల్‌ఎఫ్‌టీ, అంటే కాలేయం పనితీరు చూసే రక్తపరీక్షతో పాటు, ఆ పైత్యరసం ఆమ్లాలను కొలిచే బైల్ యాసిడ్స్ పరీక్ష కూడా రాయమని అడుగు. కొన్నిచోట్ల ఆ రక్తం బయటి ల్యాబ్‌కు పంపుతారు, రిపోర్టుకు టైమ్ పడుతుంది. అందుకే పొద్దున్నే వెళ్లమంటున్నా. ఎల్‌ఎఫ్‌టీలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువని చూసి గాభరా పడకు. మాయ నుంచి కూడా అది తయారవుతుంది కాబట్టి ఈ నెలల్లో పెరగడం మామూలే. బైల్ యాసిడ్స్ అంకె లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితేనే కడుపులో బిడ్డకు ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ అంకె 40 లోపు ఉన్నవాళ్లకు, వేరే సమస్యలు లేకపోతే, ఆ భయం మామూలు గర్భంలో ఉన్నంతే. అంకెను బట్టి కాన్పు ఎప్పుడు చేయాలో వాళ్లే చెప్తారు. 100 దాటితే 35, 36 వారాలకే ఆలోచిస్తారు. మొదటి రిపోర్టు మామూలుగా వచ్చినా దురద ఆగకపోతే మళ్లీ చేయించాలి, అంకె దురద తర్వాత పెరగడం ఉంది. మందు, అలర్జీ మాత్రతో సహా, డాక్టరమ్మ రాసిందే వేసుకో.

కామెర్లేమో అని ఎవరో ఒకరు పసరు మందు తెస్తామంటారు. వద్దంటే వద్దు. అందులో ఏం కలిపారో వాళ్లకే తెలీదు, కాలేయానికి ఇంకో బరువు పెట్టొద్దు.

కడుపులో బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లు, తెల్లారనీ అని కూర్చోకు. కదలికలు బాగున్నాయి కదా అని రక్తపరీక్ష మాత్రం మానొద్దు, అది వేరు, ఇది వేరు.

మీ అమ్మను ఒక మాట అడుగు, నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆమెకూ ఇలా అరిచేతులు దురద పెట్టాయా అని. ఇది కొన్ని ఇళ్లలో వరసగా వస్తుంది. ఆమె అవునంటే అది కూడా డాక్టరమ్మకు చెప్పు. నీకు ఇదేనని తేలితే కాన్పు తర్వాత కొన్ని వారాలకు ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించుకోవాలి, రెండో కాన్పులో తిరిగి వచ్చే అవకాశం కూడా ఎక్కువ. ఫైల్ జాగ్రత్తగా దాచుకో. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెద్దమ్మ