శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో సబ్ కాంట్రాక్ట్ పని దొరికితే పర్మిట్లు ఎలా తీసుకోవాలి?

ఇక్కడ మనిషికి పర్మిట్ వేరు, పనికి పర్మిట్ వేరు. కొత్తవాళ్లు ఒకటి చేతికొస్తే చాలనుకుంటారు.

ముందు మనుషుల సంగతి చూడండి, ఆలస్యమంతా అక్కడే. సెక్యూరిటీ ఏరియాలోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పర్మిట్ ఉండాలి. దాన్ని జారీ చేసేది పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్. సబ్ కాంట్రాక్టర్‌గా మీరు నేరుగా కాకుండా, మీకు పని ఇచ్చిన సంస్థ ద్వారా అడగాలి. రెగ్యులర్ పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్ తప్పదు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లుంటే సొంతూరి నుంచి రిపోర్ట్ రావాలి కాబట్టి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఆధార్‌లో పేరు, మిగతా కాగితాల్లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. నాలుగు రోజుల పనైతే తాత్కాలిక పాస్ అడగడం మేలు.

పని పర్మిట్ ఎయిర్‌పోర్ట్ నడిపే జీఎంఆర్ సంస్థ దగ్గర. వెల్డింగ్, కటింగ్ లాంటి నిప్పు పనులకి హాట్ వర్క్ పర్మిట్ విడిగా కావాలి. క్రేన్ పెడితే ఎత్తుకీ అనుమతి అడుగుతారు.

పనిముట్ల లిస్టు పక్కాగా రాయండి. గేటు దగ్గర కాపలా ఉండే కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ వాళ్లు లోపలికెళ్లేటప్పుడే కాదు, బయటికొచ్చేటప్పుడూ చూస్తారు.