చెల్లెలి పెళ్లికి గడువు పెట్టిన అక్కగారికి

పర్లాకిమిడి నుంచి రాసిన అక్కగారికి,

నాన్నగారు పోయాక ఇంటి పెద్దరికం మీ మీద పడిందని రాశారు. బరంపురంలో ఉద్యోగం చేస్తున్న ఇరవయ్యారేళ్ల మీ చెల్లెలు, విడాకులు తీసుకున్న ఒక ఒడియా ఉపాధ్యాయుణ్ణి చేసుకుంటానంటే, పాతపట్నం బంధువుల మాటకు జడిసి రెండేళ్లు ఆగమన్నారు. అప్పటినుంచి ఆమె ఇంటి గడప తొక్కడం లేదు. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ తన చెల్లెలు మార్గరెట్‌కు చేసిందే నువ్వు నాకు చేస్తున్నావని నిష్ఠూరమాడుతోంది. ఈ పోలిక న్యాయమేనా అని అడిగారు.

సగం న్యాయమే. తండ్రి ఆరవ జార్జి 1952లో మరణించినప్పుడు మార్గరెట్‌కు ఇరవయ్యొక్కేళ్లు. ఆమె మనసిచ్చిన పీటర్ టౌన్‌సెండ్ అదే ఏడాది విడాకులు పొందినవాడు. 1772 నాటి రాజవంశ వివాహ చట్టం ప్రకారం అప్పట్లో రాజవంశంలో ఇరవయ్యైదేళ్లలోపు వారి పెళ్లికి సింహాసనంపై ఉన్నవారి అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి ఇవ్వవలసిన అక్క ఎలిజబెత్ రాణే, విడాకులు పొందినవారి పునర్వివాహాన్ని అప్పట్లో అంగీకరించని ఇంగ్లండు చర్చికి కూడా అధిపతి. అందుచేత కాదనలేక, అవుననలేక ఆగమన్నారు. టౌన్‌సెండ్‌ను బ్రసెల్స్‌కు పంపించారు. 1955 ఆగస్టులో ఇరవయ్యైదు నిండినా చిక్కు తీరలేదు, అక్టోబరు 31న ఆయనను చేసుకోవడం లేదని మార్గరెట్ ప్రకటించారు. 1960లో ఫొటోగ్రాఫర్ ఆంటొనీ ఆర్మ్‌స్ట్రాంగ్-జోన్స్‌తో జరిగిన వివాహం కలహాలతో నడిచి 1978లో విడాకులతో ముగిసింది. ఆ తరువాతి కష్టాలన్నిటికీ ఆ నిరీక్షణే కారణమని నేను అనను. అయితే అక్క నోటి నుంచి తేటగా ఒక్క మాట రాని ఆ కాలం ఎంత బరువైనదో మీ చెల్లెలి కోపం చూస్తే నాకు అర్థమవుతోంది.

మిగిలిన సగం మాత్రం మీకు వర్తించదు, ఎందుకంటే మీకు కిరీటం లేదు, మిమ్మల్ని కట్టివేసే చట్టమూ లేదు. మీ చెల్లెలి పెళ్లికి చట్టరీత్యా మీ అనుమతి అవసరం లేదు. ఆమె కోరుతున్నది మీ అండ. ఆ రెండేళ్ల గడువు దేనికోసమో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అతని నడవడి మీద మీకు అనుమానం ఉంటే అది చెప్పండి, బంధువుల భయమే అయితే అదీ దాచకుండా చెప్పండి.

పెద్దదానిగా మీరు నిజంగా చూడవలసినవి వేరే ఉన్నాయి. అతని విడాకుల డిక్రీ నకలు చూడండి; అతనూ మొదటి భార్యా హిందువులైతే, హిందూ వివాహ చట్టం అప్పీలుకు ఇచ్చే 90 రోజుల గడువు దాటిందో లేదో, అప్పీలు ఏదైనా నడుస్తోందో వకీలు చేత పరిశీలింపజేయండి. మొదటి భార్యకు, పిల్లలుంటే వారికి, అతను చెల్లించవలసిన మనోవర్తి ఎంతో మీ చెల్లెలికి తెలిసి ఉండాలి. ఇక నాన్నగారి ఇంట్లో వాటా ఇవ్వనని బెదిరించారట, ఆ మాట వెంటనే వెనక్కి తీసుకోండి: ఆయన వీలునామా రాయలేదన్నారు కనుక, స్వార్జితమైన ఆ ఇంటిలో అమ్మగారితో పాటు మీ ఇద్దరికీ సమాన హక్కు ఉంది.

బరంపురానికి మీరొక్కరే వెళ్లండి. మేనమామగారిని వెంట తీసుకువెళితే అది పంచాయితీ అవుతుంది, మీ చెల్లెలు మళ్లీ నోరు విప్పదు. గడువు ఎత్తివేశానని మొదటే చెప్పి, అతన్ని కలుస్తానని అడగండి.