నాణ్యమైన మనిషి అనవచ్చా?

సందేహం: పాతికేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా మనవరాలికి తెలుగు వక్తృత్వ పోటీలో 'సమాజంలో నైతిక విలువలు, నాణ్యత' అనే అంశం ఇచ్చారు. నైతికం అన్నాక మళ్లీ విలువలు ఎందుకు, పునరుక్తి కదా అంటారు మావారు. పిల్ల తన ప్రసంగంలో 'నాణ్యమైన మనుషులు' అని రాసుకుంది. సరుకుకి వాడే మాట మనుషులకు వాడకూడదని నేను కొట్టేశాను. "ఇక్కడ మనుషుల్నే నాణయమానవర్ అంటారు కదా అమ్మమ్మా" అని నాతో వాదన. మా ముగ్గురిలో ఎవరిది ఒప్పు?

సమాధానం: అమ్మా, ముందు మీ మనవరాలి వాదన చూద్దాం. ఆ మాట దగ్గర నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఈ ఊరు వచ్చిన కొత్తలో మా వీధి కిరాణాకొట్టాయన ఒకరి గురించి చెబుతూ "రొంబ నాణయమానవర్" అన్నాడు. నాకు అప్పటికి తమిళం అంతంతమాత్రం. నాణయం అంటే నాణెం కదా, బాగా డబ్బున్నవాడు కాబోలనుకుని, నెలాఖరున చేబదులు కోసం ఆయన గుమ్మం ఎక్కాను. పాపం, ఆయన నాకన్నా బీదవాడు. కాఫీ ఇచ్చి పంపాడు. తమిళంలో నాణయం అంటే నాణెమే కాదు, నిజాయతీ కూడా అని ఆ రోజు తెలిసింది.

సంస్కృతంలో నాణకం అంటే నాణెం. కుషాణుల నాణేల మీద కనిపించే నానా దేవత పేరు నుంచి ఆ మాట వచ్చిందని కొందరి ఊహ. యాజ్ఞవల్క్య స్మృతిలో తూనికలు, కొలతలు, నాణేలు దొంగవి తయారుచేసేవాడికి పెద్ద జరిమానా చెప్పారు. ఆ వెంటనే నాణకపరీక్షి, అంటే నాణేలు పరీక్షించేవాడి సంగతి వస్తుంది. మంచి నాణేన్ని దొంగదన్నా, దొంగదాన్ని మంచిదన్నా వాడికీ పెద్ద జరిమానాయే. దొంగని వెనకేసుకొస్తే తప్పని అందరూ అంటారు. మంచివాణ్ని దొంగ అనడం కూడా అంతే తప్పని డబ్బు లెక్కల మధ్య చెప్పడం నాకు భలే నచ్చుతుంది. మీ మనవరాలికి ఈ ముక్క పనికొస్తుంది.

నాణెం మీద ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చెప్పినంత లోహం లోపల ఉందా లేదా అన్నదే నాణెం పరీక్ష. వెండి రూపాయల కాలంలో షరాబులు రూపాయిని రాతి మీద కొట్టి మోత వినేవారు. పైకి చెప్పినదీ లోపల ఉన్నదీ ఒకటే అయితే అది నాణ్యం. తమిళులు ఈ పరీక్ష మనిషికీ పెట్టారు: పైకి అన్న మాట, లోపల ఉన్న బుద్ధి ఒకటేనా అని. ఇప్పటి తెలుగులో మనం దాన్ని బియ్యానికి, బట్టకి, రోడ్డుకి, మరీ పెద్దమనసు చేసుకుంటే విద్యకి వాడుతున్నాం. అందువల్ల 'నాణ్యమైన మనుషులు' అంటే గోదాములో బస్తాలు గుర్తొస్తాయి. వాడుక దృష్ట్యా మీ దిద్దుబాటు సరైనదే.

అయితే మీరు చెప్పిన కారణంతో మాత్రం నేను ఏకీభవించను. సరుకు మాటలు మనుషులకు వాడకూడదని తెలుగులో నియమం ఏమీ లేదు. నికార్సైన బంగారం అంటాం, నికార్సైన మనిషీ అంటాం. ఎందుకూ కొరగానివాణ్ని చెల్లని కాసు అంటాం. ఎవరి నిజాయతీకైనా గీటురాయి పెడతాం. నాణ్యం ఒక్కటే ఇప్పటి వాడుకలో ఎందుకో దుకాణం గడప దాటడం లేదు. పిల్లని 'నికార్సైన మనుషులు' అని మార్చుకోమనండి. లేదా తమిళంలో ఇలా ఉంది, మనకి ఇలా ఉంది అని ఆ తేడానే సభలో చెప్పమనండి. రెండో దారే నాకు ఇష్టం. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లకే తట్టే సంగతి అది.

ఇక మీవారి పునరుక్తి. విలువ అచ్చ తెలుగు మాట, పుట్టుకలో బజారు మాట. పాత తెలుగులో విలుచు అంటే కొనడం. తమిళంలో విల్ అంటే అమ్మడం, విలై అంటే ధర. ఒకే ధాతువుతో మనం కొంటున్నాం, వాళ్లు అమ్ముతున్నారు, బేరం కుదిరినట్టే! అందుచేత ఒట్టి విలువ అంటే ఏ విలువో తెలియదు. మార్కెట్ విలువ ఉంది, పోషక విలువలున్నాయి. 'నైతిక' అన్నది ఫలానా రకం అని చెప్పే విశేషణం, పునరుక్తి కాదు. 'నైతిక విలువలతో కూడిన నీతివంతమైన సమాజం' అని రాసి ఉంటే మాత్రం మీవారు కలం తీయవచ్చు.

ఇక్కడో చిత్రం ఉంది. 'విలువ లేని మనిషి' అంటే నలుగురూ లెక్కచేయనివాడు. 'విలువలు లేని మనిషి' అంటే తానే మంచీచెడ్డా లెక్కచేయనివాడు. తేడా ఒక్క 'లు'. మొదటిది ఊరు కట్టిన వెల, రెండోది వాడి సొంత నడత. ఊళ్లో బోలెడు విలువ ఉండి, విలువలు లేనివాళ్లను మీరూ నేనూ చూస్తూనే ఉన్నాం. విలువలకు ఈ అర్థం ఇంగ్లిషు చదువుల వెంట వచ్చింది. వస్తే వచ్చింది, ఇప్పుడు మనదే.

నీతి మాటకొస్తే, 'నీ' ధాతువుకి నడిపించడం అని అర్థం. నేత, నాయకుడు, వినయం, చివరికి అవినీతి కూడా అక్కడివే. న్యాయం మాత్రం ఆ ఇంటిది కాదు, దాని ధాతువు వేరు. నడిపించే తెలివి అన్న అర్థంలో నీతికి మంచితనంతో పనిలేదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో ఈ చెన్నపట్నంలోనే అచ్చయింది. అందులో మిత్రభేదం చూడండి. దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ లేనిపోనివి చెప్పి, ఎద్దు ప్రాణం తీయిస్తుంది. అదీ నీతికథే! అక్కడ నీతి అంటే రాజనీతి. ఇప్పుడు మనం నైతికం అనేది ఆ నక్క తెలివిని కాదు కాబట్టి, 'విలువలు' పక్కన ఉండడమే మేలు.

మీ పిల్ల ప్రసంగంలో 'మంచిచెడ్డలు' అన్న మాటకి కూడా చోటు ఇమ్మనండి. మంచిచెడ్డలు తెలియడం అంటే వివేకం. మంచిచెడ్డలు చూసుకోవడం అంటే ఒకరి బాగోగులు పట్టించుకోవడం. తప్పొప్పులు తెలియడానికీ పక్కవాణ్ని కనిపెట్టుకుని ఉండడానికీ మన పల్లెల్లో ఒకటే మాట సరిపోయింది.

ఇక నాణ్యత దేనికి, సరుకుకా, పనికా, చదువుకా అన్నది నిర్వాహకులు చెప్పలేదు. ఆ ప్రశ్న పిల్లనే అడగనివ్వండి. పలికేటప్పుడు 'ణ' జాగ్రత్త అని చెబుదామనుకున్నాను. చెన్నైలో పెరిగిన పిల్లకి ఆ టెన్షన్ అక్కర్లేదు. 'నాన్యత' అని నేను ఎక్కువగా విన్నది మన ఊళ్లలోనే.