ఎడమ చేతికి నాడి దొరకడం లేదు

ప్రశ్న: మా చెల్లెలికి 26 ఏళ్లు. ఏడాదిగా నీరసం, ఉండుండి సన్నటి జ్వరం. దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందనేది. ఆ చేతికి బీపీ మెషిన్ 'ఎర్రర్' చూపిస్తోంది, కుడి చేతికి 170/100 వచ్చింది. స్కాన్ తీసి 'తకయాసు ఆర్టెరైటిస్' అన్నారు. రెండు నెలలుగా స్టెరాయిడ్ వాడుతోంది. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 70 నుంచి 18కి దిగింది కానీ ముఖం ఉబ్బిపోయింది. మాత్రలు ఆపేయొచ్చా? స్టెంట్ వేయిస్తే మందుల బాధ తప్పుతుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. వారాల తరబడి స్టెరాయిడ్ వేసుకున్నాక, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. జబ్బు తిరగబెట్టడం దీనికి అదనం. సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 40-60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో 15-20కి, ఏడాది తిరిగేసరికి 10 లేదా అంతకన్నా తక్కువకు దింపుతారు. డోసు తగ్గేకొద్దీ ముఖం ఉబ్బూ తీస్తుంది.

ఈఎస్ఆర్ దిగిందని జబ్బు చల్లారిందనుకోకండి. ఇది గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, దాని పెద్ద కొమ్మల గోడలు వాచి మందమయ్యే జబ్బు. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నా గోడలో వాపు సాగుతూనే ఉండొచ్చు. అందుకే ఎంఆర్ లేదా సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) మళ్లీ తీసి పాతదానితో పోల్చాలి. పాత ఫిల్ములు, సీడీ పారేయకండి.

మెషిన్‌లో లోపమేమీ లేదు. ఎడమ చేతికి వెళ్లే ధమని సన్నబడింది, అంతే. రెండు చేతుల పై అంకెల్లో 10కి మించి తేడా ఉన్నా చాలు, అనుమానించాలి. ఇకపై ఎప్పుడూ కుడి చేతికే చూడమనండి, పుస్తకంలో ఏ చెయ్యో రాయించండి. రేపు కుడివైపూ సన్నబడితే లోపల బీపీ మండుతున్నా చేతికి తక్కువే చూపిస్తుంది. అప్పుడు కాలికి చూడాల్సి వస్తుంది. మన దేశంలో ఈ జబ్బు కిడ్నీ ధమనుల్ని పట్టడం ఎక్కువ, చిన్న వయసులో 170 రావడానికి అదే కారణం కావొచ్చు. రెండు కిడ్నీల ధమనులూ సన్నబడి ఉంటే రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు కిడ్నీల పనిని దెబ్బతీస్తాయి. వాటిని రాస్తే ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించండి.

స్టెరాయిడ్ తగ్గించే వీలు కోసమే మెథోట్రెక్సేట్ లాంటివి కలుపుతారు. అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడి, తెల్లకణాలు పడిపోతాయి. స్ట్రిప్ మీద పెన్నుతో 'ఆదివారం' అని రాసిపెట్టండి. గర్భం అనుకుంటే కనీసం మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి, బదులుగా అజాథయోప్రిన్ ఉంది. వాపును అణిచే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ అనుకుంటే ముందు టీబీ పరీక్ష తప్పదు.

స్టెంట్ దారి తెరుస్తుందే గానీ గోడ వాపును తగ్గించదు. వాపు ఉండగా వేస్తే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. కిడ్నీకో మెదడుకో ముప్పు ముంచుకొస్తే తప్ప, జబ్బు నెమ్మదించేదాకా ఆగడమే మేలు. మాట తడబడినా, చూపు మసకబారినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.